మమ్మీ ఉన్న ఊరు

రిటైరైన తెలుగు టీచరంటే అందరికీ లోకువ. ఏలూరులో ఎవరికి ఓ గంట ఖాళీ పూడ్చాల్సి వచ్చినా నన్నే పిలుస్తారు. పోయిన నెల మా వీధి చివరి బడివాళ్ళు పిలిచారు. "ఏవండీ మేడమ్, పిల్లలకి ఓ కథ చదివి పెడుదురూ, వీళ్ళకి ఫోను తప్ప లోకం తెలీడం లేదండి" అంటూ హెడ్‌మిస్ట్రెస్ నా చేతిలో ఒక పుస్తకం పెట్టింది. అట్ట మీద పసుప్పచ్చని పిరమిడ్డు, ఒక ఒంటె, వీపున సంచులు తగిలించుకున్న ఇద్దరు పిల్లలు. ఈజిప్టు చరిత్ర చుట్టూ అల్లిన పిల్లల సాహస నవల. కొత్తగా అచ్చయిందట, రంగు వాసన ఇంకా పోలేదు.

చదవడమంటే నాకు మొదటినుంచీ సరదా. గొంతు మార్చి, కళ్ళు తిప్పి, ఒంటె నడిచినట్టు ఊగుతూ చదువుతాను. పిల్లలు కూడా బుద్ధిగానే కూర్చున్నారు. మూడో అధ్యాయంలో కథలోని పిల్లలిద్దరూ దీపం పట్టుకుని రాతి మెట్లు దిగి ఒక గదిలోకి వెళ్ళారు. "అక్కడ మమ్మీ పడుకుని ఉంది" అని చదివానో లేదో తరగతి తరగతంతా గొల్లుమంది. "మా మమ్మీ కూడా మధ్యాహ్నం పడుకునే ఉంటుంది మేడమ్!" అన్నాడొక గడుగ్గాయి. వాళ్ళ టీచరు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వాల్సిన మాటే, తప్పు పట్టను. కానీ నా కళ్ళముందు అక్షరాలు అలుక్కుపోయాయి. గొంతు బాగా లేదని చెప్పి, పుస్తకం మూసి, ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డాను.

ఇదే మాట విని నవ్వని పిల్ల ఒకతి ఉండేది. నవ్వకపోగా, లేచి నిలబడి, "వదినా, మళ్ళీ చదువు" అంది. ఆ పిల్ల మా మేనత్త కూతురు. మేమంతా పాపా అని పిలిచేవాళ్ళం. అప్పటికి దానికి ముందు పళ్ళు కూడా ఊడలేదు.

మా ఊరు కొల్లేటి మధ్యన ఒక లంక. ఇప్పుడు కొల్లేరు చూద్దామని కార్లేసుకుని వచ్చేవాళ్ళకి రెండు పక్కలా చేపల చెరువుల గట్లు, మేత బస్తాల లారీలు కనిపిస్తాయి. వాళ్ళు గట్టు మీద నిలబడి ఫోటోలు దిగి, "కొల్లేరు చూశామండీ" అంటారు. చూడలేదు బాబూ, మీరు చెరువు చూశారు. మా చిన్నప్పుడు కొల్లేరంటే ఇంటి గుమ్మం దిగితే నీళ్ళు, నీళ్ళు దాటితే జమ్ము, జమ్ము దాటితే మళ్ళీ నీళ్ళు. బడికీ పడవే, పెళ్ళికీ పడవే. ఇంటి వెనక ఎండుచేపల వాసన, ఇంటి ముందు తామరాకుల వాసన, మధ్యలో మేము. చలికాలం గూడకొంగలు దిగితే మనుషుల మాటలు వినపడేవి కావు. కేకలేసి మాట్లాడడం మాకు అప్పుడే అలవాటైంది. టీచరయ్యాక పనికొచ్చింది.

నాన్న చేపలు పట్టించి ఏలూరు చేరవేసేవాడు. ఇంట్లో అమ్మ, నాయనమ్మ, నేను. నాన్నకి ఒక్కతే చెల్లెలు, మా అత్త. లంకలో పుట్టి తాడేపల్లిగూడెం కాపురానికి వెళ్ళింది. మావయ్య అక్కడ రైసుమిల్లులో గుమాస్తా. గూడెం వెళ్ళాక అత్త కుట్టుమిషను కొనుక్కుని ఇరుగుపొరుగుకి జాకెట్లు కుట్టేది. సెలవులకి వచ్చినప్పుడల్లా ముక్కలన్నీ కలిపి నాకో గౌను పట్టుకొచ్చేది. ఎన్ని రంగులో ఆ గౌనుకి! అత్త చేతులు మిషను నూనె, పౌడరు కలిసిన వాసన వేసేవి. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే ఆగిపోతాను.

పాపని గూడెంలో కాన్వెంటులో వేశారు. అక్కడ నేర్పారో, అత్తే ముచ్చటపడిందో గానీ ఆ పిల్ల వాళ్ళమ్మని "మమ్మీ" అని పిలిచేది. మా లంకలో ఆ మాట ఎవరూ విని ఉండలేదు. నాయనమ్మకి ఒళ్ళు మండేది. "ఏం, అమ్మా అంటే నోరు అరిగిపోద్దా?" అనేది. "ఉండమ్మా, అలా పిలిస్తే గూడెంలో నాకెంత గౌరవమో తెలుసా!" అని అత్త నవ్వేది. పాప నీళ్ళరేవులో నిలబడి "మమ్మీ!" అని అరిస్తే చుట్టుపక్కల పిల్లలమంతా "మమ్మీ, మమ్మీ" అని ఎక్కిరించేవాళ్ళం. కొన్నాళ్ళకి మాకు ఆ మాటంటే అమ్మ అని కాదు, అత్త అనే అర్థమైపోయింది. "మమ్మీ వచ్చింది" అంటే గూడెం నుంచి అత్త వచ్చిందని. లంకంతటికీ ఒక్కతే మమ్మీ.

ఒక వేసవిలో అత్తకి పచ్చకామెర్లు వచ్చాయి. ఆకు పసరు పోయించారు, ఆసుపత్రిలో పెట్టారు. నాన్న, నాయనమ్మ గూడెం వెళ్ళారు. తిరిగొచ్చేటప్పుడు పడవలో వాళ్ళతో పాటు పాప ఉంది, అత్త లేదు. నాయనమ్మ పడవ దిగలేకపోయింది. నాన్న, పడవ తోలే మనిషి చెరో రెక్కా పట్టుకుని దింపారు. నేను అప్పటికి ఐదో తరగతి. నాకు తెలిసిపోయింది. పాపకి మాత్రం తెలీదు. అత్తని తీసుకెళ్ళేవేళకి దాన్ని పక్కింట్లో కూర్చోబెట్టి చేతిలో బిస్కట్లు పెట్టారట. వచ్చి చూస్తే మంచం ఖాళీ. మమ్మీ ఏదంటే, ఊరెళ్ళిందన్నారు.

ఊరెళ్ళింది అన్నాక ఏ ఊరో కూడా అందరూ అనుకుని పెట్టుకోవాలి కదా. పెద్దవాళ్ళకి ఆ పాటి తెలివి ఉండదు. "ఏ ఊరు?" అని పాప అడిగితే అమ్మ బెజవాడ అంది. నాన్నని అడిగితే రాజమండ్రి అన్నాడు. నాయనమ్మని అడిగితే కాసేపు పైట నోట్లో కుక్కుకుని, "కాశీ వెళ్ళిందమ్మా" అంది. ఆ పిల్ల వేళ్ళు మడిచి లెక్క చూసుకుని, "ఇన్ని ఊళ్ళు ఒకేసారి ఎలా వెళ్తుంది వదినా?" అని నన్నడిగింది. నన్ను నోరు మూసుకోమని అమ్మ అప్పటికే నా జబ్బ మీద గిల్లి ఉంచింది. తెలీదన్నాను.

ఆ పూట నుంచి పాప అన్నం మానేసింది. ఏడవలేదు, గొడవ చెయ్యలేదు. ముద్ద నోటి దగ్గరికి తెస్తే పెదాలు బిగించేది. నాయనమ్మ కొరమేను పులుసులో ముల్లు ఏరి, వేడన్నంలో కలిపి, రేవుకీ గుమ్మానికీ మధ్య ఎత్తుకు తిప్పేది. తామర గింజలు వలిచి పెట్టేది, తాటిముంజలు తొక్క తీసి పెట్టేది. "ఊరి పేరు చెబితే తింటా" అనేది పాప. ఆ పిల్ల చెంపలు రోజురోజుకీ లోపలికి పోతుంటే నాయనమ్మ చాటుకి వెళ్ళి, "దాన్ని మింగింది చాలదా, దీన్ని కూడానా" అని కొల్లేటిని తిట్టేది. కొల్లేరేం చేసింది పాపం. ఎవర్నో ఒకర్ని తిట్టాలి కాబట్టి తిట్టేది.

అలాంటప్పుడు నాన్న ఏలూరు నుంచి ఒక పుస్తకం తెచ్చాడు. కాలవ పక్కన పుస్తకాలు బైండు చేసే సాయిబు గారొకాయన నాన్నకి స్నేహితుడు. ఎవరో పిల్లల మాసపత్రికలో నెలనెలా వచ్చిన కథని కత్తిరించి దాచి, బైండుకిచ్చి, మళ్ళీ రాలేదట. ఇంట్లో చిన్నపిల్ల దిగులుగా ఉందని నాన్న చెబితే సాయిబు గారు అది తీసిచ్చారట. "మధ్యలో ఒక నెల కాగితాలు లేవండి, వాళ్ళు దాచుకోలేదు కాబోలు. అంతకుమించి లోటు లేదు. మిసరు దేశం కథండి, పిల్లలు ఊపిరి పీల్చకుండా వింటారు" అన్నారట.

మధ్యాహ్నం పూట అరుగు మీద కూర్చుని చదవడం మొదలుపెట్టాను. కథలో అన్నా చెల్లెలూ మసాలా దినుసుల ఓడలో దాక్కుని సముద్రం దాటతారు. నైలు నది మీద తెడ్లేసుకుంటూ పోతారు. ఒంటెలవాడొకడు వాళ్ళని మోసం చేసి ఎడారిలో వదిలేస్తాడు. అమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ వినేది. నాయనమ్మ ఎండుచేపలు తిరగేస్తూ, కాకుల్ని తోలుతూ వినేది. ఎదురింటి పాస్టరమ్మ గారు వచ్చి కూర్చుని, "అది ఈజిప్టు కాదమ్మా, ఐగుప్తు. మోషే గారు పుట్టిన చోటు" అని దిద్దింది. "సాయిబు గారు మిసరన్నారే!" అన్నాడు నాన్న. "పుస్తకంలో ఈజిప్టనే ఉంది" అని నేను పట్టుబట్టాను. ముగ్గురం కాసేపు కీచులాడుకున్నాం.

అంతవరకూ స్తంభానికి ఆనుకుని కూర్చున్న పాప, ఆ కీచులాట విని తలెత్తింది. "ఒకే ఊరికి అన్ని పేర్లు ఉంటాయా వదినా?" అంది. "ఉంటాయి" అన్నాను. ఆ పిల్ల బుర్రలో ఏం తిరుగుతోందో నాకేం తెలుసు.

మర్నాడు, అన్నా చెల్లెలూ రాతికొండ లోపల చీకటి సందులో పాక్కుంటూ వెళ్తున్న చోట ఒక నెల కథ అయిపోయింది. ఆ తర్వాత నెల కాగితాలే సాయిబు గారు చెప్పిన లోటు. పేజీ తిప్పేసరికి పిల్లలు ఏకంగా గదిలో ఉన్నారు. "గది నడుమ మమ్మీ పడుకుని ఉంది. వేల ఏళ్ళు గడిచినా ఆమె చెక్కుచెదరలేదు. ఒంటిమీద సన్నని నూలు గుడ్డ చుట్టి ఉంది. పక్కన ఆమె దువ్వెన, అద్దం, గాజులు, తినడానికి ధాన్యం, ప్రయాణానికి ఒక చిన్న పడవ ఉన్నాయి. ఆ దేశం వారు తమవారిని ఇలా దాచుకునేవారు." దాదాపు ఇవే మాటలు. ఎన్నిసార్లు చదివానో, నేను చస్తేనే పోతాయి గానీ అంతకుముందు పోవు.

ఆ మాటకి అసలు అర్థం ఆ పోయిన కాగితాల్లో ఉండి ఉంటుంది. మా దగ్గర లేదు. మా లంకలో పెద్దవాళ్ళకీ తెలీదు. మాకు తెలిసిన మమ్మీ ఒక్కతే. పాప లేచి నిలబడి, "మళ్ళీ చదువు" అంది. మళ్ళీ చదివాను. "అందుకే ఒక్కొక్కళ్ళు ఒక్కో పేరు చెప్పారు. ఊరు ఇదే" అంది. అని, ఆకలేస్తోందంది. నాయనమ్మ చేతులు కడుక్కోకుండానే లోపలికి పరిగెత్తింది. ఆ పిల్ల పెరుగన్నం గిన్నె ఊడ్చి తింది. కాదని చెప్పే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

నేను అంత వెర్రిదాన్ని కాదు, అత్త చనిపోయిందని నాకు తెలుసు. కానీ పుస్తకంలో అచ్చేసి ఉంది కదా! చనిపోవడం వేరు, చెడిపోవడం వేరు అని ఆ వయసులో నాకు ఎవరో కొత్త సంగతి చెప్పినట్టయింది. గూడెం నుంచి ఎవరో ఆవిణ్ణి అక్కడికి చేర్చి ఉంటారని, తెల్లటి నూలు గుడ్డలో నిద్రపోతోందని నమ్మాను. నమ్మితే హాయిగా ఉంది.

నాయనమ్మకి చదువు రాదు. ఆ సాయంత్రం రేవులో నన్ను పక్కకి పిలిచి, ఎవరైనా వింటారేమోనని చుట్టూ చూసి, "ఏవే, ఆ ముక్క ఇంకోసారి చదువు" అంది.

"ఏ ముక్క?"

"అదే, చెడిపోకుండా ఉంటారన్న ముక్క."

చదివాను. నాయనమ్మ కళ్ళు మూసుకుని వింది. "ముఖం కూడా అలాగే ఉంటుందంటావా?" అంది.

"చెక్కుచెదరలేదని రాశారు నాయనమ్మా."

"పచ్చగా అయిపోయిందే ముఖం. గుర్తుపట్టలేకపోయాను" అంది. తర్వాత కూడా రోజూ ఏదో వంక పెట్టుకుని నన్ను రేవుకి రమ్మనేది. ఆవిడ చేతుల మీదుగా కూతుర్ని సాగనంపి వచ్చిన మనిషి. అన్నీ తెలిసినావిడ. అయినా ఆ ముక్క చదివించుకునేది. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడైతే ఆ ముసలి ప్రాణాన్ని దగ్గరికి తీసుకుని, నోరు నొప్పెట్టేదాకా చదివి వినిపించేదాన్ని.

పాప మాత్రం వినడంతో ఊరుకోలేదు. ప్రయాణం కట్టింది. కొల్లేటి నీళ్ళు మోసుకెళ్ళే ఉప్పుటేరు సముద్రంలో కలుస్తుందని మా బడిలో చెప్పారు. సముద్రం దాటితే ఈజిప్టని పుస్తకంలో ఉంది. కొల్లేట్లోంచి ఉప్పుటేట్లోకి ఎలా వెళ్ళాలో లంకలో పుట్టిన నాకు ఒకరు చెప్పాలా? నాన్న తాటిదోనె రేవులోనే ఉండేది. తాటిమొద్దుని తొలిచి చేసిన దోనె అది, ఒక పెద్దమనిషికి చాలు, ఇద్దరు పిల్లలకి దివ్యంగా చాలు. పుస్తకంలో చెప్పినట్టు మమ్మీ పక్కన పెట్టడానికి సామాన్లు కావాలంది పాప. నాయనమ్మ దువ్వెన కొట్టేశాం. అమ్మ చిన్నద్దం కొట్టేశాం. ధాన్యం బదులు, పైన దాచిన కజ్జికాయలు తీశాం. అందులో సగం నేనే తినేశాను. పాప తన తల్లో రిబ్బన్లు విప్పి, "మమ్మీ ఇవి మళ్ళీ తనే కడుతుంది" అని మూటలో పెట్టింది.

అందరూ భోజనాలు చేసి నడుం వాల్చిన వేళ దోనె విప్పాను. గెడ వేయడం నాకు బాగా వచ్చు. ఎండ నీళ్ళ మీద పడి కళ్ళు పొడుస్తోంది. పాప ముందు కూర్చుని, మూట ఒళ్ళో పెట్టుకుని, వచ్చీరాని పాటలు పాడింది. గూడెం నుంచి వచ్చాక దాని నోట పాట వినడం అదే మొదటిసారి. "వదినా, మమ్మీ నిద్రలో ఉంటే లేపాలా, లేచేదాకా కూర్చోవాలా?" అంది. "కూర్చుందాంలే" అన్నాను. "గట్టిగా పిలిస్తే లేస్తుంది, ఎప్పుడూ లేస్తుంది" అంది. నాకు ఆ మాటకి మొదటిసారి గుబులు పుట్టింది. గెడ ఆపేశాను. అది వెనక్కి తిరిగి, నవ్వుతూ, "ఆపకు" అంది. మళ్ళీ వేశాను.

వేసవి కాబట్టి నీళ్ళు తగ్గి ఉన్నాయి. రోజూ చూసే దారే అయినా కిక్కిస గడ్డి ఎత్తుగా పెరిగి ఎటు చూసినా ఒకేలా ఉంది. ఒక చోట దోనె బురదలో దిగిపోయింది. గెడ గుచ్చితే రాలేదు, లాగితే నేనే పడబోయాను. గొంతు పోయేలా అరిచాను. నీటికోళ్ళు లేచిపోయాయి తప్ప మనిషి పలకలేదు. నాకు ఏడుపొచ్చేసింది. పాప ఏడవలేదు. తువ్వాలు తడిపి నా తల మీద కప్పి, మూటలోంచి కజ్జికాయ తీసి, సగం విరిచి నాకు పెట్టింది. "మిగిలింది మమ్మీకి" అంది.

పొద్దు వాలుతుండగా నాన్న గొంతు వినబడింది. పడవ దిగి, రొమ్ము లోతు బురదలో నడుచుకుంటూ వచ్చాడు. కొడతాడనుకున్నాను. దోనె అంచు పట్టుకుని ఆయాసపడుతూ, "ఎక్కడికే బయల్దేరారు?" అన్నాడు. పాప లేచి నిలబడింది.

"మావయ్యా, ఈజిప్టు ఇంకా ఎంత దూరం? మా మమ్మీ అక్కడ పడుకుని ఉంది. నీకు అన్ని దారులూ తెలుసుగా, తీసుకెళ్ళు."

నాన్న ఆ బురదలో నిలబడే, దోనె అంచు మీద తల పెట్టుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా ఏడ్చాడు. నాన్న ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. పాప కంగారుపడి, "వద్దులే మావయ్యా, దూరమైతే రేపెళ్దాం" అని నాన్న తల నిమిరింది.

ఆ వారంలోనే నాన్న కబురు పెడితే గూడెం నుంచి మావయ్య వచ్చాడు. గడ్డం పెరిగిపోయింది, చొక్కా గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకున్నాడు. "ఇంక దాచకండి బావగారూ, ఈసారి నీళ్ళు తక్కువ కాబట్టి సరిపోయింది" అని నాన్నతో అన్నాడు. అరుగు మీద కూర్చుని పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. అందరం చుట్టూ ఉన్నాం.

"మమ్మీ చచ్చిపోయిందమ్మా" అన్నాడు.

"తెలుసు డాడీ" అంది పాప. "పుస్తకంలో ఉంది. గుడ్డ చుట్టి పడుకోబెట్టారు. దువ్వెన ఇచ్చారు."

"లేదు తల్లీ. మన దగ్గర అలా చెయ్యరు. మమ్మీని గూడెంలోనే కాల్చేశాం."

పాప మావయ్య ముఖంలోకి చూసింది. తర్వాత నాన్నని, అమ్మని, నన్ను, ఒక్కొక్కళ్ళనే చూసింది. ఎవరో ఒకరు కాదంటారని చూసింది. ఎవ్వరం అనలేదు.

"ఎందుకు కాల్చేశారు? దాచిపెట్టచ్చు కదా? వాళ్ళు దాచుకున్నారుగా!"

వేదం చదివినవాళ్ళూ వైద్యం చదివినవాళ్ళూ ఏం చెబుతారో నాకు తెలీదు. చివరికి నాయనమ్మే దగ్గరికి జరిగి వచ్చి, పాప రెండు చేతులూ పట్టుకుని, "మనకి దాచుకోవడం చేతకాదమ్మా" అంది. అప్పుడు ఏడ్చింది పాప. ఆ ఏడుపు ఇక్కడ రాయలేను.

మావయ్య దాన్ని తీసుకెళ్ళిపోయాడు. తర్వాత జంగారెడ్డిగూడెంలో పొగాకు కంపెనీ ఉద్యోగం దొరికి అక్కడికి మారాడు. మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ మంచిదే, పాపని కడుపున పుట్టినదానిలాగే చూసింది. పాప ఆవిణ్ణి అమ్మా అంది. ఆ అరుగు మీద నుంచి లేచాక పాప నోట మమ్మీ అన్న మాట నేను మళ్ళీ వినలేదు. మా లంకలో కూడా ఆ మాట ఆగిపోయింది.

హైస్కూలుకి నన్ను ఏలూరులో హాస్టల్లో వేశారు. ఒక రోజు సోషలు మాస్టారు బొమ్మ చూపిస్తూ ఆ మాటకి అర్థం చెప్పారు. పేగులు తీసేసి, ఎండబెట్టి, మందులు పూసి, గుడ్డ చుట్టిన శవం. పిల్లలంతా "అయ్ బాబోయ్" అని ముక్కు మూసుకున్నారు. ఆ నల్లటి ముఖం, ఆ తెరుచుకున్న నోరు చూసి నేను బల్ల కింద తల పెట్టేశాను. నాకు సంబంధించినంతవరకు అత్త ఆ పూటే చనిపోయింది. సెలవులకి ఇంటికెళితే నాయనమ్మ రేవులో కూర్చుని ఎప్పటిలాగే ఆ ముక్క చదవమంది. చదివాను. ఏం చెప్పలేదు. ఆవిడ తెలుసుకోకుండానే పోయింది.

ఆ తర్వాత వచ్చిన ఒక వరద మా ఇంటి గోడల్ని పడగొట్టింది. పుస్తకం పోయింది. అత్తా మావయ్యల పెళ్ళి ఫోటో పోయింది. వాళ్ళిద్దరికీ ఉన్నది అదొక్కటే, నాయనమ్మ కూతురి గుర్తుగా లంకకి తెచ్చుకుంది. నీళ్ళు తీశాక చూస్తే చట్రం ఉంది, అద్దం ఉంది, లోపల తెల్లకాగితం ఉంది. ఇప్పుడు లంకలో మావాళ్ళెవరూ లేరు. నాన్న, అమ్మ, మావయ్య, ఆ రెండో అత్త, సాయిబు గారు, పాస్టరమ్మ గారు, ఎవ్వరూ లేరు.

బడిలో పుస్తకం మూసి వచ్చిన ఆ సాయంత్రం ఉండబట్టలేక పాపకి ఫోన్ చేశాను. పెళ్ళిళ్ళలో కలుసుకోవడం తప్ప మా మధ్య మాటలు తగ్గిపోయి చాలా కాలమైంది. "ఏంటి వదినా, గొంతలా ఉంది?" అంది. ఏం లేదన్నాను. "ఎలాగూ ఆదివారం ఏలూరు వస్తున్నాను. అమ్మాయి అక్కడే ఆసుపత్రిలో పురుడు పోసుకుంది, ఆడపిల్ల. ఇంటికి తీసుకెళ్తూ నీ దగ్గర ఆగుతాం" అంది.

వచ్చారు. పాప జుట్టు నాకన్నా ఎక్కువ నెరిసింది. కూతుర్ని లోపల పడుకోబెట్టి, పసిదాన్ని తెచ్చి నా ఒళ్ళో పెట్టి, ఎదురుగా కింద కూర్చుంది.

"మా వియ్యపురాలు ఆవిడ పోలికంటోంది. అల్లుడు తన పోలికంటున్నాడు. నాకేమో నన్ను కన్న అమ్మ పోలికేమో అనిపిస్తోంది వదినా. అనిపిస్తోంది గానీ ఎలా చెప్పను? నాకు మా అమ్మ ముఖం తెలీదు. ఎంతసేపు కళ్ళు మూసుకున్నా రాదు. చూసినదానివి నువ్వొక్కదానివే మిగిలావు. నువ్వు చెప్పాలి."

పసిదాని ముఖంలోకి చూశాను. ఎర్రగా, ముడతలు పడి, కళ్ళు మూసుకుని ఉంది. గడ్డం మీద చిన్న సొట్ట. అత్త ముఖం గుర్తు తెచ్చుకోబోయాను. మిషను తొక్కే పాదాలు వచ్చాయి. పళ్ళతో దారం తెంపడం వచ్చింది. ఆ చేతుల వాసన వచ్చింది. ముఖం రాలేదు. ఇన్నేళ్ళూ నాలో ఉందనే అనుకున్నాను, ఎప్పుడు పోయిందో నాకే తెలీదు. పాప నా వంకే చూస్తోంది. ఆ రోజు అరుగు మీద ఒక్కొక్కళ్ళనే చూసినట్టే చూస్తోంది.

"అచ్చం మా అత్తే" అన్నాను. "ఆ నుదురు, ఆ కళ్ళు. గడ్డం మీద ఈ సొట్ట కూడా."

"నిజంగానా?"

"నీకు అబద్ధం చెబుతానా?"

పాప ముందుకు వంగి, ఆ సొట్ట మీద వేలు ఆనించింది. పసిది నిద్రలో మూతి ముడిచింది. "ఇలా ఉండేదా" అంది. ఎన్నిసార్లు అందో. అన్నప్పుడల్లా ఇలాగే ఉండేదని చెప్పాను.

వాళ్ళు వెళ్ళిపోయాక తలుపేసుకుని చాలాసేపు ఏడ్చాను. ఇప్పుడు అత్త అనుకోగానే ఒక ముఖం వస్తోంది. అది ఆ పసిదాని ముఖమే.